మందు డబ్బా సాక్ష్యం

నేను ఒక మందు డబ్బాను. ముక్కు మూసుకోనక్కర్లేదు, మీరు అంత దగ్గర్లో లేరు. వీపుకి తగిలించుకుని, ఎడమచేత్తో పిడి ఆడిస్తూ, కుడిచేత్తో గొట్టం పట్టుకుని చేలో మందు కొడతారు చూశారా, ఆ డబ్బాని. పదహారు లీటర్లు పడతాను. పుట్టినప్పుడు నీలం రంగులో ఉండేదాన్ని. తర్వాత ఎండ కొంత, మందులు కొంత తినేశాయి. ఇప్పుడు నా రంగేమిటని అడిగితే నేనే చెప్పలేను.

దాచుకోవడం దేనికి, నాకు మనుషులంటే పడదు. కలుపంటే ఏ కోపమూ లేదు. జన్మంతా దాన్ని చంపడానికే నన్ను వాడారు గానీ, దానితో నాకు వైరం లేదు. జాగా దొరికితే మొలుస్తుంది, ఎండ దొరికితే పెరుగుతుంది, పోయేలోపు నాలుగు గింజలు రాల్చుకుంటుంది. ఏం చేసినా అందరి కళ్ళముందే చేస్తుంది. మనుషులు అలా కాదు. ఒక మనిషి నోరు తెరిచి ఒక్క మాట అనకపోవడం వల్ల రెండెకరాల పైరు ఎలా పోయిందో నేను దగ్గరుండి చూశాను. చూడటమేమిటి, దాన్ని చంపింది నేనే. చంపించింది మాత్రం ఆ మనిషి. నన్నెవరూ సాక్ష్యం అడగలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇష్టమైతే వినండి, లేకపోతే మీ దారిన మీరు పోండి.

నన్ను చేసింది పట్నం శివార్లలో ఒక రేకుల షెడ్డులో. కరిగిన ప్లాస్టిక్కుని అచ్చులో పోసి గాలి ఊదితే నాకు పొట్ట వచ్చింది. ఒకామె గొట్టం బిగించింది, ఇంకొకామె పిడి బిగించింది, మూడో ఆమె వీపు మీద ఒక కాగితం అంటించింది. చీమ తలకాయలంత అక్షరాలతో ఆ కాగితం మీద చాలా జాగ్రత్తలు రాసి ఉన్నాయి. కలుపు మందు కొట్టిన డబ్బాని వేరే మందుకి వాడొద్దు, తప్పకపోతే బట్టల సోడా కలిపిన నీళ్ళతో మూడు నాలుగు సార్లు కడిగి వాడండి, ఇట్లాంటివి. రాసినవాడికి ఓపిక ఉంది, కొన్నవాడికి లేదు. మొదటి నెలలోనే ఆ కాగితం తడిసి ఊడిపోయింది. ఊడిపోయేదాకా ఒక్కరూ దాని వంక చూడలేదు.

నన్ను కొన్న ఆసామి పేరు పూర్ణయ్య. కాలువ కింద ఊరు, ఐదెకరాల మాగాణి, యాభై ఎనిమిదేళ్ళ వయసు, ముక్కు మీద కోపం. కొట్లో నన్ను చేతిలోకి తీసుకుని, కుండ కొనేవాడిలా వేళ్ళ కణుపులతో నా పొట్ట మీద కొట్టి విన్నాడు. ప్లాస్టిక్కు డబ్బాని కొట్టి వింటే ఏం తెలుస్తుందో ఆయనకే తెలియాలి. బాగుందన్నట్టు తల ఊపి, మోటారు సైకిలు వెనక కట్టుకుని తీసుకుపోయాడు.

ఆ వైపు ఊళ్ళలో వరి కోశాక నేల దున్నరు. తడి ఆరకముందే రెండో పంట పడాలి, దున్నుతూ కూర్చుంటే అదను పోతుంది. వరి మోళ్ళ మధ్యే వరసకి తాడు పట్టి, కర్రతో గుంట పొడిచి, గుంటకో మొక్కజొన్న గింజ వేసి మూసేస్తారు. ఇంకొందరు కోతకి రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న వరిలోనే మినుములు చల్లేస్తారు. అవి కోతవాళ్ళ కాళ్ళ కింద నలిగి, ఆ తడికే మొలుస్తాయి. ట్రాక్టరు పని తప్పుతుంది, నేలలో తేమ నిలుస్తుంది, మట్టి చెదరదు. అంతా బాగానే ఉంది గానీ, దుక్కిలో సగం చచ్చే కలుపు దుక్కి లేకపోయేసరికి తాపీగా లేచి కూర్చుంటుంది. కోసిన వరి దుబ్బులు కూడా మళ్ళీ చిగుళ్ళు వేస్తాయి. నాగలి చేసే పని డబ్బా చేస్తుందని పూర్ణయ్య నమ్మకం. అందుకే నన్ను కొన్నాడు.

ఆయన ఇల్లాలు సామ్రాజ్యానికి ఆ నమ్మకం లేదు.

ఐదెకరాల్లో రెండెకరాలు ఆమెవి. తల్లి పోతూ పోతూ ఆమె పేర రాసిచ్చింది. ఆ రెండెకరాల్లో సామ్రాజ్యం మినుము చల్లేది. నూర్చిన గడ్డిలో కొంత తెచ్చి చేలోనే పలచగా పరిపించేది. దాని కింద కలుపుకి ఎండ తగలదు. అయినా తప్పించుకుని లేచినదాన్ని ఇరవయ్యో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఒకసారి ఏసుమణి ముఠాని పిలిచి చేత్తో పీకించేది. ఏసుమణి ఆ ఊళ్ళో కలుపు కూలీల ముఠాకి పెద్ద. పీకించడమంటే గట్టు మీద నిలబడి కాదు, సామ్రాజ్యం కూడా వాళ్ళతోపాటు వంగేది. నెల దాటితే మినుము తానే నేలంతా కప్పేస్తుంది, ఇక కలుపు తల ఎత్తలేదు. "దున్నని నేలలో పైనున్న గింజే మొలుస్తది. దాన్ని గింజ పట్టకముందే పీకేస్తే మళ్ళీ రాలేది ఉండదు. మూడేళ్ళు ఓపిక పడితే కలుపు దానంతటదే తగ్గుద్ది" అనేది. ఓపిక అన్న మాట వింటేనే పూర్ణయ్యకి ఒళ్ళు మండేది.

గొడవ నేను ఆ ఇంటికి వచ్చిన పదో ఏట వరి కోతలప్పుడు వచ్చింది. కోతవాళ్ళు గట్టు మీద కూర్చుని అన్నాలు తింటున్నారు. పూర్ణయ్య వాళ్ళందరూ వినేటట్టు అన్నాడు.

"మా ఇంటావిడ చేను కలుపుకి పుట్టిల్లు. ఆ గింజలన్నీ గట్టు దాటొచ్చి నా చేలో పడతన్నాయి."

సామ్రాజ్యం మజ్జిగ పోస్తున్నదల్లా ఆగి, చెంబు కింద పెట్టింది.

"డబ్బా కొడితే కలుపు చచ్చేదైతే, ఏడాదికేడాది మందు ఎందుకు పెంచుతున్నావయ్యా?"

కోతవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో పూర్ణయ్య మొహం కందిపోయింది. "అయితే ఈ కారు పంటలో తేలిపోనీ. నీ రెండూ నీ ఇష్టం, నా మూడూ నా ఇష్టం. ఎవరి పంట ఇంటికి చేరకపోతే వాళ్ళు నోరు మూసుకుని తమ చేను రెండోవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. నాది చేరకపోతే నా రెండెకరాలు నీ ఇష్టం. నీది చేరకపోతే ఆ మూడెకరాలు నా చేతికి రావాలి, నీ డబ్బా మన గడప తొక్కగూడదు."

ఇరవై మంది ఎదుట పడిన పందెం. ఆ సాయంత్రం నుంచి మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం మానేశారు.

ఒకే కప్పు కింద ఉండేవాళ్ళకి పూర్తిగా మానడం కుదరదు. అన్నం వేళ చెప్పాలి, గేదెకి దాణా అయిపోయిందని చెప్పాలి, ఫోను ఎవరు చేశారో చెప్పాలి. ఇంట్లో మూడో మనిషి లేడు. ఉన్నదల్లా వసారాలో మేకుకి వేలాడుతున్న నేను.

"ఏమే డబ్బా, మీ ఆసామికి చెప్పు, అన్నం చల్లారిపోతందని" అనేది సామ్రాజ్యం నా వైపు తిరిగి.

"ఒరే డబ్బా, మీ దొరసానికి చెప్పు, నాకు ఇప్పుడే ఆకలిగా లేదని" అనేవాడు పూర్ణయ్య, అదీ నా వైపే తిరిగి.

ఆమెకి నేను ఆడదాన్ని, ఆయనకి మగవాణ్ణి. నాకేదైనా ఒకటే. ఇద్దరూ రెండు మూరల ఎడంలో నిలబడి, మొహాలు నా వైపు పెట్టి ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు. మీ ఆసామికి బుర్ర ఉందా అని ఆమె నన్ను అడిగేది. మీ దొరసానికి నాలుక పొడుగని ఆయన నాకు చెప్పేవాడు. తిట్లన్నీ నాకు తగిలి అటుపోయేవి. మొదట్లో చిరాకు పడ్డాను. కానీ అబద్ధమెందుకు, కొన్నాళ్ళకి నాకు బాగుందనిపించింది. అంతకుముందు నన్ను తన్నారు, విసిరేశారు, గొట్టం అడ్డుపడితే నోటితో ఊది ఉమ్మేశారు. పలకరించినవాళ్ళు లేరు. ఇప్పుడు పొద్దున్నే లేస్తే రెండు పలకరింపులు. ఆ ఇంట్లో ఏ సంగతైనా ముందు నాకే తెలిసేది. ఆ పోట్లాట ఇంకొన్నాళ్ళు సాగాలని కూడా కోరుకున్నాను. మనుషులతో ఉండి ఉండి నాకూ వాళ్ళ బుద్ధే వచ్చినట్టుంది.

మొక్కజొన్న నెల రోజులదైంది. విత్తిన మర్నాడు కొట్టిన మందు పనితనం అయిపోయి, వరసల మధ్య గలిజేరు, పొన్నగంటి, వయ్యారిభామ లేచాయి. సామ్రాజ్యం చెల్లెలి ఊరికి పెళ్ళికి వెళ్ళిన రోజు చూసుకుని పూర్ణయ్య కొట్టు నుంచి టూ ఫోర్ డీ అనే తెల్లపొడి తెచ్చాడు. ఆమె లేని రోజే ఎందుకంటే, లేచిన కలుపు ఆమె కంట పడటం ఆయనకి ఇష్టం లేదు. ఆ పొడి గడ్డిజాతిని ఏమీ చెయ్యదు, మొక్కజొన్న హాయిగా ఉంటుంది. వెడల్పాకు మొక్కల్ని మాత్రం మెలిపెట్టి చంపుతుంది. మినుము వెడల్పాకు మొక్క అని మీకు వేరే చెప్పాలా?

సాయంత్రం గాలి లేచేసరికి చివరి డబ్బా సగంలో ఆపేశాడు. మిగిలింది గట్టు పక్కన పారబోసి, నన్ను తెచ్చి మేకుకి తగిలించాడు. కడగలేదు. కరగని పొడి కొంత నా అడుగున గడ్డకట్టి ఉండిపోయింది. మందు కలిపిన బకెట్టూ అట్లాగే పడేశాడు. అంతకుముందు కూడా ఎప్పుడూ కడిగిన మనిషి కాదు. కాకపోతే వీధి గుమ్మంలో అడుగు పెడుతూనే "ఒసేయ్, డబ్బాలో కలుపు మందుంది, ముట్టుకోబాక" అని ఒక కేక వేసేవాడు. ఆ ఇంట్లో కడగడం బదులు ఆ కేకే ఉండేది. పదేళ్ళూ దాంతోనే గడిచిపోయింది. ఈసారి ఆమె పెళ్ళి నుంచి తిరిగొచ్చాక ఆ కేక వెయ్యడానికి ఆయనకి నోరు లేదు. నాకు చెబుతున్నట్టు చెప్పినా తన చేలో కలుపు లేచిందని బయటపడుతుంది, అందుకని అది నా పొట్టలోనే ఉండిపోయింది.

ఐదో రోజున సామ్రాజ్యం మినుములో గూడు పురుగు పడింది. చేను నిండా పూత మీద ఉంది. పిందె కూడా అక్కడక్కడా కనిపిస్తోంది. ఆ పురుగు పూతనీ ఆకునీ కలిపి గూడు కట్టి లోపల కూర్చుని తింటుంది, రెండు రోజులు వదిలేస్తే కాయ చేతికి రాదు. సామ్రాజ్యం రాత్రి వేప గింజల పొడి నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పాత పంచెతో వడకట్టింది. ఆమెకి చిన్న డబ్బా ఒకటి ఉండేది, దాని పిడి విరిగింది. ఊళ్ళో ఇంకెవరి డబ్బా ఖాళీ లేదు, అందరి చేలలోనూ అదే పురుగు. మధ్యాహ్నం దాకా ఇంటింటికీ తిరిగి వచ్చి, నా ముందు నిలబడింది. నన్ను ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషి. నన్ను చూసి మొహం చిట్లించుకుని, మేకు నుంచి దించింది.

పూర్ణయ్య మొక్కజొన్నకి కత్తెర పురుగు మందే కొట్టి ఉంటాడని ఆమె అనుకుంది. ఆ వారం ఊరంతా అదే కొడుతున్నారు. నాలో చెంబెడు నీళ్ళు పోసి, గిలకరించి, పారబోసింది. పాలగిన్నె కడిగినంత తేలిగ్గా అయిపోయింది. ఆ బకెట్టే చేత్తో పట్టుకుంది.

వసారాలో నులక మంచం మీద పూర్ణయ్య పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె నన్ను దించడం చూశాడు, నీళ్ళు గిలకరించడం చూశాడు, భుజానికి తగిలించుకోవడం చూశాడు. లేచి మోచేతి మీద ఆనుకున్నాడు. "ఒ" అన్న అక్షరం ఆయన పెదాల మీదకి రావడం నేను చూశాను. ఆమె వెనక్కి తిరగలేదు. ఆయన మళ్ళీ పడుకుని గోడ వైపు తిరిగాడు. ఆ వీపుని నేను ఈ జన్మలో క్షమించను.

చేలో ఆమె వరస తప్పకుండా కొట్టింది. ఒక్కో మొక్క దగ్గరా ఆగి, గూడు కట్టిన చోట గొట్టం దగ్గరగా పెట్టి మరీ కొట్టింది. నా అడుగున ఉన్న పొడి డబ్బా డబ్బాకీ కరిగి కరిగి వేప వాసన వెనకాల దాక్కుని బయటికి పోయింది. అరిచే నోరుంటే అరిచేదాన్ని. గొట్టం అడ్డుపడితే బాగుండునని ఎంత మొక్కుకున్నానో! రోజూ అడ్డుపడే గొట్టం ఆ రోజు ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

మూడో రోజుకి చేను పని అయిపోయింది. మొదట కొట్టిన సగంలో ఆకులన్నీ గరిటెల్లా ముడుచుకుపోయాయి, కాడలు మెలితిరిగి నేలకి వంగాయి. రెండో సగంలో మొక్క నిలబడింది గానీ పూతంతా రాల్చేసింది. సామ్రాజ్యం మొదట ఏదో తెగులు అనుకుంది. ఏసుమణిని పిలిచి చూపించింది. ఏసుమణి ఒక మొక్క పీకి, వేరు చూసి, కాడ చూసి, "తెగులైతే అక్కడక్కడా మొదలవుద్దమ్మా. ఇది వరస ప్రకారం పోయింది" అంది.

సామ్రాజ్యం ఆ వరసల చివరిదాకా నడిచి చూసింది. తర్వాత గట్టు దాటి పూర్ణయ్య మొక్కజొన్నలోకి వెళ్ళింది. వరసల మధ్య గలిజేరు మెలితిరిగి పడి ఉంది, పొన్నగంటి ఆకులు గరిటెల్లా ముడుచుకుని ఉన్నాయి. ఒక గలిజేరు పీకింది. ఒక మినుము పీకింది. రెంటినీ పక్కపక్కన అరచేతిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది.

నా ఎదురుగా వసారా అరుగు మీద ఆ రెండూ పెట్టింది. నా మూత తిప్పి, మొహం దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఆస్పత్రిలో నేల తుడిచే మందు వాసన లాంటిది నాలో ఇంకా ఉంది. మూత పెట్టేసింది. సందెవేళ. పూర్ణయ్య తొట్టి దగ్గర చెంబుతో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన వంక చూడకుండా నన్ను అడిగింది.

"ఏమే డబ్బా, నేను నిన్ను ఎత్తుకుపోయిన రోజు మీ ఆసామి ఈ మంచం మీద ఉన్నాడు. నిద్రపోతన్నాడా, మేలుకునే ఉన్నాడా? అదొక్కటి చెప్పు. ఇంకేం అడగను."

చెంబులోంచి పడే నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"మేలుకునే ఉన్నా" అన్నాడు పూర్ణయ్య.

నలభై రోజుల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది.

"చూశావా?"

"చూశా."

"అందులో ఏముందో తెలుసా?"

"తెలుసు. నోటిదాకా వచ్చింది సామ్రాజ్యం. పిలిస్తే నేనే ముందు తగ్గినట్టవుద్దని..."

"తగ్గినట్టు" అని ఆ మాటని ఆమె ఒకసారి నెమ్మదిగా అని చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండుననుకున్నాను. ఆమె అరుగు మీది మొక్కలు రెండూ తీసి గేదె ముందు వెయ్యబోయి, గేదె తినకూడదని గుర్తొచ్చి, పెంటకుప్పలో పాతిపెట్టి వచ్చింది. అప్పుడు ఆయన ఎదురుగా నిలబడి, సూటిగా ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"నా పంట ఇంటికి చేరలేదు. పందెం పందెమే. రెండెకరాలూ నీవి. ఏం వేసుకుంటావో, ఏం కొట్టుకుంటావో నీ ఇష్టం."

"పందెమేందే, అట్టా అంటావేంది..."

"మాట మీద నిలబడే మనిషిని నేను."

మర్నాటి నుంచి సామ్రాజ్యం ఆ చేలో కాలు పెట్టలేదు. పొద్దున్నే వంట చేసి, కంచంలో పెట్టి మూత వేసి, సద్దిగిన్నె పట్టుకుని ఏసుమణి ముఠాతో కలుపు కూలికి వెళ్ళిపోయేది. ఐదెకరాల ఆసామి భార్య ఊరివాళ్ళ చేలలో వంగి కలుపు పీకడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. ముఠా ఆడవాళ్ళే మొదట బిడియపడ్డారు. "మీకెందుకమ్మా ఈ కర్మ" అని ఏసుమణి అడిగితే, "నాకు వచ్చిన పని ఇదే. నా చేను లేదు, చేతులున్నాయి" అందట. పూర్ణయ్య టీ కొట్టు ముందు నుంచి పోతుంటే మాటలు ఆగిపోయేవి. నలుగురి ముందు పందెం వేసినవాడికి నలుగురి ముందే అది జరగాలి. నాకైతే తృప్తిగా ఉండేది.

కానీ ఇంట్లో నా పరిస్థితీ అంతే అయింది. ఆమెకి ఏదైనా చెప్పాలంటే ఇప్పుడు ఆయనకే చెప్పేది, రెండు ముక్కల్లో, మొహం మీద. "నీళ్ళు కాగినయి." "తలుపేసుకో." నా వైపు తిరగాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

ఆమె చేలో ఏం మిగిలిందో కూడా చెప్పాలి. మినుము ఎండి రాలిపోయింది. టూ ఫోర్ డీ ముట్టుకోని ఊదగడ్డి మాత్రం, పీకేవాళ్ళు లేక, చేను మధ్యలో నడుమెత్తు పెరిగి, వెన్నులు వేసి, గింజలు రాల్చి, తన పని పూర్తి చేసుకుని ఎండిపోయింది. పూర్ణయ్య మొక్కజొన్న ఇంటికి చేరింది. ఆ కంకులు దించుతున్నప్పుడు ఆయన మొహంలో గెలిచిన కళ నాకెక్కడా కనపడలేదు. వానలు పడ్డాయి, వరి నాట్లు పడ్డాయి, మళ్ళీ కోతలు వచ్చాయి. ఆమె ఆ ఏడాదంతా కూలికి వెళుతూనే ఉంది.

కోతలకి రెండు రోజుల ముందు పూర్ణయ్య ఒక పని చేశాడు. గెలిచిన రెండెకరాల్లో, నిలిచి ఉన్న వరిలో, ఒక్కడే తిరిగి మినుములు చల్లాడు. మొక్కజొన్న వెయ్యలేదు. మొలకలు రెండాకులు వేశాక ముఠా ఆ దారినే పోయింది. సామ్రాజ్యం చూసిందని అందరూ అనుకున్నారు. ఆమె నడక మాత్రం మందగించలేదు.

ఇరవయ్యో రోజుకి ఊద లేచింది. పోయినేడు రాలిన గింజంతా పైపైనే ఉంది కదా, పచ్చటి దుప్పటి కప్పినట్టు లేచింది. సందుసందులో మినుము మొక్క ఊపిరాడక నిలబడి ఉంది. పూర్ణయ్య పట్నం వెళ్ళి, గడ్డిని చంపి మినుముని వదిలేసే మందు అడిగి తెచ్చాడు. సోడా నీళ్ళతో నన్ను ఏడుసార్లు కడిగాడు. పదేళ్ళలో నాకు జరిగిన మొదటి స్నానం. తెల్లవారుతూనే నన్ను వీపున వేసుకుని చేలోకి వెళ్ళి, నీళ్ళు పోసి, మందు సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మూత తియ్యలేదు. ఇంకా ముడుచుకోని ఆ మినుము ఆకుల్ని చూస్తూ నిలబడి నిలబడి, నన్ను దించి గట్టు మీద పెట్టి, పక్కన కూలబడ్డాడు. నేను అంత శుభ్రంగా ఎప్పుడూ లేను, ఆయన అంతగా ఎప్పుడూ భయపడలేదు.

అప్పుడే డొంక వెంట ముఠా వస్తోంది. పదిమంది ఆడవాళ్ళు, నెత్తిన గుడ్డలు, చేతుల్లో సద్దిగిన్నెలు. పూర్ణయ్య లేచి ఎదురువెళ్ళాడు.

"ఏసుమణీ, రేపు కలుపుకి వస్తారా?"

"ఏ చేలోకయ్యా?"

పూర్ణయ్య ఏసుమణి వంక చూడలేదు. ఆమె వెనక నిలబడ్డ సామ్రాజ్యాన్ని చూస్తూ చెప్పాడు.

"నీ చేలోకి."

ఆడవాళ్ళందరూ ఆగిపోయారు. ఒకామె గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. సామ్రాజ్యం చేను వైపు చూసింది. ఊదని చూసింది, దాని కింద మినుముని చూసింది. ఎంత మంది ఎన్నాళ్ళు పీకితే తెగుతుందో ఆమె కళ్ళు అప్పుడే లెక్క వేసేసుకున్నాయి.

"ఎంతమంది కావాలి?" అంది.

"మీ పదిమందీ వస్తే మూడు రోజుల్లో..."

"పదిమంది చాలరు. పదకొండు. నువ్వు కూడా వంగాలి."

"నాకు చేత్తో పీకటం అలవాటు లేదే."

"తెలుసు" అంది సామ్రాజ్యం, ముందుకు నడుస్తూ.

మర్నాడు పదకొండు మందీ వంగారు. నన్ను గట్టు మీదే వదిలేశారు కాబట్టి అంతా చూశాను. పూర్ణయ్య పంచె ఎగగట్టి, రెండు వరసలు పట్టుకుని, నడుం పట్టేసినప్పుడల్లా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నాడు. ఆడవాళ్ళు నవ్వీ నవ్వనట్టు ముందుకి సాగిపోతున్నారు. ఆయన వెనకబడ్డాడు. ఆయన పక్క వరసలో సామ్రాజ్యం ఉంది, ఆయనకోసం ఆగలేదు, వదిలి పోనూ లేదు. ఇద్దరి మధ్యా మాటల్లేవు.

పదింటివేళ మూడు చక్రాల బండి తోసుకుంటూ పాత సామాన్లవాడు వచ్చాడు. పాత ఇనుముకీ ప్లాస్టిక్కుకీ ఉల్లిపాయలిచ్చే మనిషి. సామ్రాజ్యం వరసలోంచి లేచి వచ్చి, నన్ను పిడి పట్టుకుని ఎత్తి, ఆ బండిలో వేసింది. ఉల్లిపాయలు కొంగులో పోయించుకుంది. నా వంక చూడలేదు, ఏమే అని కూడా అనలేదు. విరిగిన కుర్చీల మీద, ఖాళీ నూనె డబ్బాల మధ్య నేను బోర్లా పడ్డాను. బాధ పడలేదంటే నమ్మకండి. బండి కదిలింది. ఆమె ఉల్లిపాయలు సద్దిగిన్నె పక్కన పెట్టి, తిరిగి వరసలోకి వెళ్ళి, పూర్ణయ్య పట్టిన వరసలు వెనక నుంచి ఒకసారి చూసుకుంది.

"మొదట్లోనే ఊద వదిలేశావ్! వెనక్కి రా, కళ్ళు పెట్టి చూడు!" అని చేను దద్దరిల్లేట్టు అరిచింది.

అది నాతో అన్న మాట కాదు.